పరీక్ష కోసమే కదా అన్న పాస్‌వర్డ్

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా చిన్నాన్న నడిపే నెట్ సెంటర్‌లో, బల్ల సొరుగు లోపల, అట్ట చిరిగిన పొడవాటి పుస్తకం ఒకటి ఉంటుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులకూ, పోటీ పరీక్షలకూ, కాలేజీ అడ్మిషన్లకూ వచ్చే పిల్లలు తమ లాగిన్ పేరూ పాస్‌వర్డూ మరిచిపోయి ఇబ్బంది పడకూడదని ఆయన వాటిని అందులో రాసి ఉంచుతాడు. పిల్లల పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో ఉంటాయి. పాస్‌వర్డులు మాత్రం ఇంగ్లీషు అక్షరాలలో, ఒక్కొక్కటీ విడివిడిగా, సున్నాను ‘ఓ’ అక్షరంగా పొరబడకుండా దాని మీద అడ్డగీత గీసి మరీ రాసి ఉంటాయి.

ఇలా రాసిపెట్టడం మంచిది కాదని నేను ఆయనతో చాలాసార్లు వాదించాను, ఇప్పటికీ వాదిస్తాను. అయితే ఒకసారి ఒక కుర్రవాడు తన వివరాలున్న పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకుంటానని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. ఆ పేజీలో ఇంకా చాలామంది వివరాలున్నాయి. “నీది వేరే కాగితం మీద రాసి ఇస్తాను బాబూ, ఫోటో మాత్రం వద్దు. ఫోటో తీశాక అది ఎవరెవరి దగ్గరకు పోయిందో నేను చెప్పలేను” అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది, ఎందుకంటే అంతకు కొన్నేళ్ళ ముందు నేను సరిగ్గా ఆ తప్పే చేశాను. నా చేతిలో ఉన్నది పుస్తకం కాదు, తనంతట తాను నకళ్ళుగా పెరిగిపోయే రిపోజిటరీ, అంటే కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ దాచిపెట్టే చోటు. మా వాడుకలో రిపో.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మనిషి కూర్చుని ఒక్కొక్క తెరా చూడవలసిన పనిని ప్రోగ్రాము చేత చేయించడం నా వృత్తి. బ్రౌజరు దానంతట అదే తెరుచుకుని లాగిన్ పేజీకి వెళుతుంది, పేరూ పాస్‌వర్డూ నింపుతుంది, లోపలికి వెళ్ళి అన్నీ సరిచూస్తుంది. 2004లో ఇందుకోసం సెలీనియం అనే పరికరం మొదలైనప్పటి నుంచి ఈ పని ఇలాగే సాగుతోంది. తరవాత వచ్చిన సైప్రెస్, ప్లేరైట్ పనిని సులువు చేశాయి గాని మొదటి అడుగును మార్చలేదు: పరీక్ష మొదలు కావాలంటే లాగిన్ కావాలి, లాగిన్ కావాలంటే పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ కోడ్‌లో ఉండకూడదని, ‘టెస్టింగ్ కోసమే కదా’ అన్న సాకుతో దానికి మినహాయింపు ఇవ్వకూడదని, పైగా అసలు కోడ్ కంటే టెస్టింగ్ కోడ్‌లోనే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరమని నా వాదన.

ఎక్కువ అవసరమని ఎందుకు అంటున్నానో ముందుగా చెబుతాను. అసలు కోడ్‌ను విడుదల చేసే ముందు ఇద్దరు ముగ్గురు సీనియర్లు చదువుతారు. టెస్టు స్క్రిప్టును, అది పాసైందా లేదా అని తప్ప, చదివేవారు తక్కువ. కొత్తగా చేరిన వాళ్ళకూ, ఆరు నెలల కాంట్రాక్టుకు వచ్చిన వాళ్ళకూ ముందుగా చేతికి ఇచ్చేది టెస్టుల రిపోనే. అన్ని తెరలూ తెరిచి చూడాలి కాబట్టి టెస్టు ఖాతాకు అన్ని అధికారాలూ ఇస్తారు. పాస్‌వర్డ్ మారిస్తే రాత్రి నడిచే పరీక్షలన్నీ ఫెయిలవుతాయి కాబట్టి ఏళ్ళ తరబడి మార్చరు. అధికారం ఎక్కువ, గడువు లేదు, చూసేవాళ్ళు లేరు, నకళ్ళు మాత్రం అందరి దగ్గరా ఉంటాయి. ‘పరీక్ష కోసమే’ అనే పాస్‌వర్డ్ పరిస్థితి సాధారణంగా ఇది.

నా అనుభవం ఒక ఆస్పత్రికి సంబంధించిన అపాయింట్‌మెంట్ల వ్యవస్థలో జరిగింది. సర్వర్ పేరులో ‘టెస్ట్’ అన్న మాట ఉంది కాబట్టి అది ఉత్తుత్తి ప్రపంచమని నేను నమ్మాను. అడ్మిన్ ఖాతా పేరు, పాస్‌వర్డ్ లాగిన్ ఫైల్‌లో పైనే, రెండు వరసలలో రాశాను. ఆ సర్వర్‌లో ఉన్న డేటా మాత్రం ఉత్తుత్తిది కాదు. పరీక్షలు నిజమైన పరిస్థితికి దగ్గరగా ఉండాలని ఎవరో అసలు డేటాబేస్‌కు నకలు తీసి అక్కడ పెట్టారు. రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ విభాగంలో చూపించుకున్నారన్న వివరం అన్నీ అందులో ఉన్నాయి. కొన్ని నెలల తరవాత ఆ రిపో మరో రెండు బృందాల చేతికి వెళ్ళింది. ఒక ఆదివారం రాత్రి, మేమెవరమూ పనిలో లేని వేళ, ఆ ఖాతాతో ఎవరో లోపలికి వచ్చి రోగుల జాబితా పేజీలను వరసగా తెరిచినట్లు సర్వర్ లాగ్‌లో, అంటే జరిగినవన్నీ నమోదయ్యే ఫైల్‌లో, కనిపించింది. అది ఎవరి పనో ఆఖరికి తేలలేదు. తేలదు కూడా, ఎందుకంటే లాగ్‌లో ఉన్నది వచ్చినవాడి పేరు కాదు, నేను ఫైల్‌లో రాసిన పేరు.

సోమవారం ఉదయం నేను చేసిన మొదటి పని ఆ రెండు వరసలూ చెరిపేసి, ‘పాస్‌వర్డ్ తొలగించాను’ అన్న సందేశంతో కమిట్ చేసి (మార్పును రిపో చరిత్రలో నమోదు చేసి) పుష్ చేయడం (అందరూ వాడే రిపోకు పంపడం). సమస్య తీరిందని నిజంగానే అనుకున్నాను. మధ్యాహ్నం మా సీనియర్ నా పక్కన కూర్చుని టెర్మినల్‌లో, మార్పుల చరిత్ర చూపించే ‘గిట్ లాగ్ హైఫన్ పి’ ఆదేశం టైప్ చేశారు. నా సందేశం, దాని కింద ఫైల్ పేరు, ఆ కింద నేను చెరిపిన రెండు వరసలూ ఎరుపు రంగులో, ముందు మైనస్ గుర్తుతో, ఒక్క అక్షరం కూడా పోకుండా కనిపించాయి. రిపోను నడిపే గిట్ అనే పరికరాన్ని 2005లో తయారుచేసిందే ప్రతి మార్పునూ గుర్తుంచుకోవడానికి. ఒక వరసను చెరపడం కూడా దాని దృష్టిలో రాసిపెట్టుకోదగిన మార్పే. నేను రాసిన సందేశం, వెతికేవాళ్ళకు ఎక్కడ చూడాలో దారి చూపించే పలకలాగా తయారైంది.

అప్పుడు నేర్చుకున్న క్రమాన్ని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. కోడ్‌లో పాస్‌వర్డ్ కనిపించిన క్షణాన చేయవలసింది కోడ్ మార్చడం కాదు, పాస్‌వర్డ్ మార్చడం. ఆ ఖాతాను మూసేయాలి, లేదా పాత పాస్‌వర్డ్ పనిచేయకుండా చేయాలి. ఆ తరవాత ఆ ఖాతాతో ఇంతవరకూ ఎవరెవరు లోపలికి వచ్చారో లాగ్‌లో చూడాలి. చరిత్రను శుభ్రం చేయడం చివరి పని. గిట్ ఫిల్టర్-రిపో, బీఎఫ్‌జీ వంటి పరికరాలతో పాత కమిట్లను తిరగరాయవచ్చు, కాని అప్పటికే రిపోను క్లోన్ చేసుకున్న, అంటే నకలు తీసుకున్న, వాళ్ళ లాప్‌టాప్‌లలో ఉన్నదాన్ని అవి తాకలేవు. చాలామంది ఈ క్రమాన్ని తలకిందులు చేసి, చరిత్ర శుభ్రం చేయడానికే రెండు రోజులు పెట్టి, ఆ రెండు రోజులూ పాత పాస్‌వర్డ్‌ను పనిచేస్తూ ఉండనిస్తారు. మన దేశంలో కంప్యూటర్ భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇటువంటి అనధికార ప్రవేశం సంగతి తెలిసిన 6 గంటల లోపల దానికి నివేదించాలి. ఏ పని ముందో, ఏది వెనకో అప్పటికప్పుడు తేల్చుకునేంత సమయం ఆ 6 గంటలలో దొరకదు.

‘మా రిపో ప్రైవేటు కదా’ అన్నది నాకు తరచుగా ఎదురయ్యే జవాబు. గిట్‌హబ్ అంటే రిపోలను ఇంటర్నెట్‌లో ఉంచే సేవ. 2016లో ఊబర్ ఇంజనీర్లు వాడే ప్రైవేటు గిట్‌హబ్ రిపోలలోకే దుండగులు ప్రవేశించారు. అక్కడి కోడ్‌లో దొరికిన అమెజాన్ క్లౌడ్ తాళంచెవితో (ప్రోగ్రాములు వాడే పాస్‌వర్డ్ వంటిది) సుమారు 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు తీసుకుపోయారు. ఆ సంగతి లోకానికి తెలిసింది 2017 నవంబరులో. టయోటా కథ ఇంకోరకం. టీ-కనెక్ట్ అనే సేవకు సంబంధించిన కోడ్‌లో కొంత భాగాన్ని పని అప్పగించిన సబ్ కాంట్రాక్టరు 2017 డిసెంబరులో గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టారు. సర్వర్‌లోకి వెళ్ళే తాళంచెవి అందులోనే ఉంది. 2022 సెప్టెంబరు వరకూ, అంటే దాదాపు ఐదేళ్ళు, ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది ఈమెయిల్ చిరునామాలు బయటపడే అవకాశం ఉందని కంపెనీయే ప్రకటించింది. ప్రైవేటు అన్నది ఒక సెట్టింగు మాత్రమే; దాన్ని ఒక మనిషి ఒక్క మీట నొక్కి మార్చగలడు, ఒక దొంగ కొట్టేసిన పాస్‌వర్డ్‌తో దాటగలడు, బయటి సంస్థకు పని అప్పగించిన రోజున అది మన అదుపులోనే ఉండదు.

ఇందులో కొత్త సిద్ధాంతమేమీ లేదు. డచ్ భాషా పండితుడు ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లోనే సైనిక సంకేత లిపుల గురించి రాస్తూ, పద్ధతి అంతా శత్రువు చేతిలో పడినా నష్టం జరగకూడదని, దాచవలసింది తాళంచెవిని మాత్రమేనని చెప్పాడు. మన కోడ్ ఆ పద్ధతి వంటిది. దాన్ని పదిమంది చదవాలి, సరిదిద్దాలి, మరొకరికి ఇవ్వాలి. తాళంచెవిని అందులోనే కలిపేస్తే పద్ధతిని కూడా దాచుకోవలసి వస్తుంది, అది ఎవరి వల్లా కాదు. పాస్‌వర్డ్‌ను బేస్64లోకి మార్చి అదే ఫైల్‌లో పెట్టి, ఎన్‌క్రిప్ట్ చేశామని చెప్పేవాళ్ళను నేను ఇప్పటికీ చూస్తున్నాను. బేస్64 రాసే తీరు మాత్రమే, తాళం కాదు. ఒక్క ఆదేశంతో ఎవరైనా దాన్ని తిరిగి చదువుకోవచ్చు.

మరి పాస్‌వర్డ్ ఎక్కడ ఉండాలి? స్క్రిప్టు నడిచే చోట, నడిచే వేళకు అందేలా ఉండాలి. సొంత లాప్‌టాప్‌లో అయితే రిపోలోకి చేరని ఒక ‘డాట్ ఎన్వ్’ ఫైల్‌లోనో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోనో (ప్రోగ్రాముకు బయటి నుంచి అందే విలువ) ఉంటే చాలు. ఆ ఫైల్ పేరును గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ళ జాబితాలో, మొదటి కమిట్‌కు ముందే రాయాలి. ఒకసారి గిట్ లెక్కలోకి వెళ్ళిన ఫైల్‌ను తరవాత ఇగ్నోర్‌లో చేర్చినా గిట్ దాన్ని వదలదు. పరీక్షలను వాటంతట అవే నడిపించే జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్ వంటి చోట రహస్యాలు దాచే వసతి విడిగా ఉంది. పెద్ద సంస్థలు రహస్యాలను భద్రపరిచే వాల్ట్ వంటివి పెట్టుకుని, గంటకో పూటకో గడువు తీరే పాస్‌వర్డులు అప్పటికప్పుడు పుట్టిస్తాయి. ఇవన్నీ ఎలా అమర్చుకోవాలో చెప్పే పాఠాలు కావలసినన్ని దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఆ పాఠాలలో సరిగా చెప్పని ఒక్క విషయం దగ్గర మాత్రం ఆగుతాను.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఎన్విరాన్‌మెంట్ నుంచి విలువ తెచ్చే ‘గెట్’ పిలుపుకు రెండో విలువ ఇవ్వవచ్చు: మొదటిది దొరకకపోతే దీన్ని వాడుకో అని. అందరూ పాస్‌వర్డ్‌ను ఎన్విరాన్‌మెంట్‌లోకి మార్చామని గర్వంగా చెప్పుకున్న ఒక రిపోను నేను తెరిచి చూస్తే, ఆ రెండో విలువగా పాత పాస్‌వర్డే కొటేషన్ గుర్తుల మధ్య కూర్చుని ఉంది. వేరియబుల్ ఎవరూ పెట్టకపోయినా పరీక్షలు పాసవుతున్నాయి, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రహస్యం దొరకనప్పుడు స్క్రిప్టు సర్దుకుపోకూడదు. ‘టెస్టు ఖాతా పాస్‌వర్డ్ ఇవ్వలేదు, అందుకని ఆగిపోతున్నాను’ అని స్పష్టంగా చెప్పి, లాగిన్ పేజీ తెరవక ముందే ఆగిపోవాలి. అలా ఆగిపోవడం పరికరంలో లోపమని కొందరు మేనేజర్లు అనుకుంటారు. ఆగకుండా పోవడమే లోపమని వాళ్ళకు నచ్చజెప్పడానికి నాకు చాలా ఓపిక పట్టింది.

కోడ్ నుంచి తీసేసినంత మాత్రాన పని పూర్తి కాదు, ఎందుకంటే టెస్టింగ్ స్క్రిప్టు స్వభావమే చేసినదంతా చెప్పుకోవడం. రోబోట్ ఫ్రేమ్‌వర్క్ అనే టెస్టింగ్ పరికరంలో పాస్‌వర్డ్ నింపడానికి ‘ఇన్‌పుట్ టెక్స్ట్’ వాడితే ఆ విలువ రిపోర్టులోకి ఎక్కుతుంది. అదే ‘ఇన్‌పుట్ పాస్‌వర్డ్’ వాడితే మామూలు లాగ్‌లో రాయదు. రెండింటికీ తెర మీద కనిపించే ఫలితం ఒకటే కాబట్టి తేడా తెలియనివాళ్ళు మొదటిదే వాడతారు. పరీక్షలో జరిగిన ప్రతి అడుగునూ నమోదు చేసే ప్లేరైట్ ట్రేస్‌లో ఏ పెట్టెలో ఏం నింపామో కనిపిస్తుంది. నెట్‌వర్క్ సంభాషణను నమోదు చేసే హార్ ఫైల్‌లో లాగిన్ అభ్యర్థన మొత్తం ఉంటుంది. ప్రతిసారీ లాగిన్ కాకుండా కుకీలను (లాగిన్ అయ్యామని బ్రౌజరు దగ్గర ఉండే గుర్తులను) ఒక ఫైల్‌లో దాచుకునే వెసులుబాటు ప్లేరైట్‌లో ఉంది, మంచి వెసులుబాటే. కాని ఆ కుకీకి గడువు తీరేదాకా అది పాస్‌వర్డ్‌తో సమానం, దాన్ని కూడా రిపో బయటే ఉంచాలి. జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్ తమకు తెలిసిన రహస్యాన్ని లాగ్‌లో నక్షత్రం గుర్తులతో కప్పేస్తాయి. అయితే ఆ రహస్యాన్ని స్క్రిప్టు మరో రూపంలోకి మార్చి ముద్రిస్తే అవి గుర్తుపట్టలేకపోవచ్చు. ఫెయిలైన టెస్టు రిపోర్టును జిప్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు మా వైపు చాలా బృందాలలో ఉంది. ఆ జిప్‌లో ఏముందో పంపినవాళ్ళే చూసుకోరు.

ఆటోమేటిక్‌గా వెతికే పరికరాలు ఉన్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి, వాడాలి. గిట్‌హబ్ 2024 నుంచి అందరికీ కనిపించే రిపోలలో రహస్యాలను పుష్ దగ్గరే ఆపే ఏర్పాటును ముందుగానే ఆన్ చేసి ఇస్తోంది. గిట్‌లీక్స్ వంటి పరికరాన్ని కమిట్ సమయంలోనే నడిపించవచ్చు. కాని ఇవి బాగా పట్టుకునేది ఒక నిర్ణీత ఆకారం ఉన్న టోకెన్లను, క్లౌడ్ తాళంచెవులను. మనుషులు పెట్టుకునే పాస్‌వర్డ్‌కు ఆకారం ఉండదు. కంపెనీ పేరు, ఆ పక్కన ‘ఎట్’ గుర్తు, చివర 123 ఉన్న పదాన్ని చూసి అది పాస్‌వర్డ్ అని మనకు వెంటనే తెలుస్తుంది, యంత్రానికి అంత తేలిగ్గా తెలియదు. టెస్టు ఖాతాలకు పెట్టేవి సరిగ్గా అటువంటి పాస్‌వర్డులే.

నా వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. స్క్రిప్టు రాయగలిగిన మనిషి, ఆ రహస్యాన్ని చదివి ఎక్కడికైనా పంపే స్క్రిప్టు కూడా రాయగలడు. అప్పుడు కోడ్ బయట దాచి ప్రయోజనం ఏమిటి? ఈ మాట నిజం. అందుకే దాచడంతో పాటు, దాచిన వస్తువు విలువను తగ్గించడం కూడా నా దృష్టిలో అంతే ముఖ్యం. ఒక్కొక్క పరీక్షా మొదట తనకు కావలసిన ఖాతాను తానే ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ద్వారా సృష్టించుకుని, పని అయ్యాక తీసేస్తే, దొంగిలించినా పనికొచ్చేది ఏమీ మిగలదు. అది కుదరనప్పుడు జాబితా చూసే పరీక్షకు చూసే హక్కు మాత్రమే ఉన్న ఖాతా ఇవ్వాలి, అడ్మిన్ ఖాతా కాదు. అన్నిటికంటే ముఖ్యం, టెస్టు సర్వర్‌లో నిజమైన మనుషుల వివరాలు ఉండకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకూ జరిమానా విధించే వీలు కల్పించింది. డేటా టెస్టు సర్వర్‌లో ఉందన్న కారణంగా ఆ బాధ్యత తప్పిపోతుందని అనుకోవడానికి వీల్లేదు. ఆ ఆదివారం రాత్రి ఎవరి పేజీలు తెరుచుకున్నాయో నేను లాగ్‌లో చదివాను. అందులో శ్రీకాకుళం వైపు ఊళ్ళ పేర్లు ఉన్నాయి, మాకు చుట్టాలున్న ఊళ్ళు. అప్పటి నుంచి ‘టెస్టు డేటా’ అన్న మాటను నేను తేలిగ్గా పలకలేకపోతున్నాను.

చిన్న బృందానికి ఇదంతా భారమని అంటారు. నేను ఇంటి నుంచి, పర్లాకిమిడి నెట్‌వర్క్ మీద, ముగ్గురున్న బృందంతో పనిచేస్తూ చెబుతున్నాను: మొదటి రోజు చేస్తే ఇది అరగంట పని. రెండేళ్ళ తరవాత చేస్తే పదిహేను రోజుల పని, అప్పటికీ ఏ నకలు ఎక్కడ ఉందో తెలియదు. కాబట్టి ఈ విషయంలో నేను అనుభవజ్ఞులను తప్పుపట్టేకంటే మొదటి పాఠాన్ని తప్పుపడతాను. ఆటోమేషన్ నేర్పే దాదాపు ప్రతి వీడియోలో, ప్రతి కోర్సులో మొదటి పది నిమిషాలలోనే లాగిన్ పేజీ తెరిచి, పాస్‌వర్డ్‌ను కొటేషన్ గుర్తుల మధ్య టైప్ చేసి, ‘అసలు పనిలో ఇలా చేయకండి’ అని ఒక మాట అని ముందుకు పోతారు. చేతికి అలవాటయ్యేది చేసిన పని, విన్న మాట కాదు.

చిన్నాన్న నెట్ సెంటర్ మేడమీద గదిలో నేను సాయంత్రాలు కొందరు పిల్లలకు టెస్టింగ్ నేర్పుతున్నాను. కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వస్తారు. బడిలో ఒడియాలో చదివినవాళ్ళు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిలో కూర్చుని పిల్లలకు నోటికి రాని పదాలతో పాఠం చెప్పడం నాకు న్యాయంగా తోచదు కాబట్టి, వీలైనంతవరకూ వాడుక మాటలోనే చెబుతాను. మొదట్లో నేనూ అందరిలాగే పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో రాసి చూపించాను. గుణుపురం అమ్మాయి ఒకతె దాన్ని తన గిట్‌హబ్ ఖాతాలో పెట్టి, ఉద్యోగ దరఖాస్తుకు జతచేసి, నాకు సంతోషంగా చూపించింది. అది అభ్యాసం కోసం పెట్టిన ఖాతాయే, నష్టం జరగలేదు. కాని “ఇది తప్పని మీరు ఎప్పుడు చెప్పారు సార్?” అని ఆమె అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మొదటి పాఠంలో బ్రౌజరు తెరవము. ముందు గిట్‌ఇగ్నోర్ రాస్తాము. తరవాత, కావలసిన పేర్లు మాత్రమే ఉండి విలువలు ఖాళీగా ఉన్న ఒక నమూనా ఫైల్ తయారుచేసి, దాన్ని మాత్రం కమిట్ చేస్తాము. ఆ తరవాత స్క్రిప్టు నడిపిస్తాము, అది ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో చెప్పే వాక్యాన్ని ఎవరిది వాళ్ళు తెలుగులో రాసుకోవాలన్నది నేను పెట్టిన చిన్న షరతు. కిందటి వారం ఆ అమ్మాయి కొత్త బ్యాచ్‌కు ఈ పాఠం చెప్పడానికి నాకు సాయంగా కూర్చుంది. ఒక కుర్రవాడి తెర మీద ఎర్రటి అక్షరాలు రాగానే అతను కంగారుపడి, “అక్కా, ఫెయిలైంది” అన్నాడు. “పూర్తిగా చదువు” అంది ఆమె. అతను చదివాడు: ‘పాస్‌వర్డ్ ఇవ్వలేదు. ఫైల్‌లో రాయకు, బయట పెట్టి మళ్ళీ నడిపించు.’ నమూనా ఫైల్‌కు నకలు తీసి, దాని పేరు మార్చి, ఖాళీలు నింపడం మొదలుపెట్టాడు.